రంగుల బల్ల వెనుక ఎవరు కూర్చోవాలి: పిల్లల సాంత్వన కళా కార్యక్రమాలపై వివాదానికి మూలాలు

ఆసుపత్రి వార్డుల్లోనూ, శరణార్థి శిబిరాల్లోనూ, హింసను చూసి వచ్చిన పిల్లల వసతి గృహాల్లోనూ రంగులు, బంకమన్ను, కాగితాలతో పనిచేసే స్వచ్ఛంద సంస్థలపై పాత ఆక్షేపణ ఒకటి మళ్లీ గట్టిగా వినిపిస్తోంది. శిక్షణ పొందిన చికిత్సకులు మాత్రమే చేయదగిన పనిలో చిత్రకారులు, డ్రాయింగ్ టీచర్లు, వాలంటీర్లు వేలు పెడుతున్నారని, దెబ్బతిన్న పసి మనసులతో ప్రయోగాలు చేస్తున్నారని దాని సారాంశం. తాము చికిత్స చేస్తామని ఎన్నడూ చెప్పలేదని, పిల్లలకు కాస్త ఊరట దొరికే చోటును ఏర్పాటు చేయడమే తమ పని అని నిర్వాహకులు జవాబిస్తున్నారు. దాతలకు పంపే కరపత్రాల్లో మాత్రం వారి మాట ఇంత పొదుపుగా ఉండదు.

ఈ తగాదాను సర్టిఫికెట్ ఉన్నవారికీ లేనివారికీ మధ్య నడుస్తున్నదిగా చూడడం అలవాటైపోయింది. క్షయకు చికిత్స పొందుతూ బొమ్మలు వేసిన బ్రిటిష్ చిత్రకారుడు అడ్రియన్ హిల్ 1942లో ‘ఆర్ట్ థెరపీ’ (బొమ్మలు వేయించడం ద్వారా చేసే చికిత్స) అన్న పేరును వాడుకలోకి తేవడం, యుద్ధం తర్వాత మానసిక వైద్యశాలల్లో స్టూడియోలు వెలవడం తెలిసిన కథే కనుక దాన్ని ఇక్కడ తిరగదోడనక్కరలేదు. పిల్లల విషయంలో అసలు మలుపు 1950లో, న్యూయార్క్ రాష్ట్రంలోని విల్ట్‌విక్ బాలుర పాఠశాలలో వచ్చింది. ఈనాటి ఇరుపక్షాలూ తమకు అనుకూలంగా చెప్పుకునేది అక్కడి అనుభవాన్నే. అయితే రెండు పక్షాలూ దాన్ని సగమే చెబుతాయి.

విల్ట్‌విక్ విరాళాల మీద నడిచిన వసతి పాఠశాల. అమెరికా మాజీ ప్రథమ మహిళ ఎలియనార్ రూజ్వెల్ట్ దాని పాలకమండలిలో ఉండి నిధుల సేకరణకు తోడ్పడ్డారు. న్యూయార్క్ నగరంలోని పేద పేటల నుంచి, కోర్టుల ద్వారానో సంక్షేమ విభాగాల ద్వారానో వచ్చిన మగపిల్లలు అక్కడ ఉండేవారు. వారిలో ఎక్కువమంది నల్లజాతి పిల్లలు. వియన్నాలో పుట్టి, 1938లో నాజీల బారి నుంచి తప్పించుకుని అమెరికా చేరిన ఎడిత్ క్రామర్ అనే చిత్రకారిణిని, మానసిక వైద్యురాలు వయోలా బెర్నార్డ్ చొరవతో, ఆ పాఠశాలలో ఆర్ట్ థెరపిస్టుగా నియమించారు. ఆ ఉద్యోగానికి అప్పటికి డిగ్రీ లేదు, నమోదు లేదు, వృత్తి సంఘం లేదు. క్రామర్ చేతిలో ఉన్నవి చిత్రలేఖనం, శిల్పం, బోధనానుభవం, మనోవిశ్లేషణతో గట్టి పరిచయం.

అక్కడి ఏడేళ్ల పని నుంచి ఆమె తేల్చిన విషయం ఒక్క మాటలో చెప్పాలంటే ఇది: బొమ్మను తయారుచేయడంలోనే స్వస్థత ఉంది, బొమ్మ గురించి మాట్లాడించడంలో కాదు. పిల్లవాడి కోపం రంగు చిమ్మడంగా, మట్టి ముద్దను గుద్దడంగా వెళ్లిపోతే అది క్షణికమైన విడుదల మాత్రమే. అదే కోపం నోరు తెరిచిన పులిగా రూపం కట్టుకుని, పిల్లవాడికి తృప్తినిచ్చేంత బాగా కుదిరితే, ఆ కోపాన్ని అతడు తన అదుపులోకి తెచ్చుకున్నట్టని ఆమె వాదించారు. పిల్లవాడు చేసిన మట్టి బొమ్మ మెడ వంగిపోతుంటే లోపల తీగ ఎలా పెట్టాలో చూపడం, తగిన మందం గల కుంచెను సమయానికి అందించడం, బొమ్మలోకి తన అభిరుచిని చొప్పించకుండా ఉండడం చికిత్సకుడి అసలు నైపుణ్యాలని చెప్పి, వాటినే ‘మూడో చెయ్యి’ అని ఆమె తర్వాతి రచనల్లో పేర్కొన్నారు. స్వచ్ఛంద సంస్థల నిర్వాహకులు నేడు ‘మేం విశ్లేషించం, పక్కన ఉంటాం’ అని చెప్పే ప్రతిసారీ, పేరు ఎత్తినా ఎత్తకపోయినా, క్రామర్ మాటనే చెబుతున్నారు.

ఆమెకు ఈ పద్ధతి పుస్తకాల నుంచి రాలేదు. 1934లో వియన్నా వదిలి ప్రాగ్‌కు వెళ్లిన ఆమె గురువు ఫ్రీడ్ల్ డికర్‌ను అనుసరించి క్రామర్ కూడా అక్కడికి వెళ్లారు. హిట్లర్ జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన కుటుంబాల పిల్లలకు ఇద్దరూ కలిసి బొమ్మలు నేర్పారు. డికర్ జర్మనీలోని ఆధునిక కళా పాఠశాల బౌహౌస్‌లో చదువుకున్న కళాకారిణి. మానసిక వైద్యంలో ఆమెకు ఏ పట్టా లేదు. పెళ్లి తర్వాత డికర్-బ్రాండైస్ అయిన ఆమెను 1942 డిసెంబరులో, చెక్ ప్రాంతంలో నాజీలు యూదులను బంధించి ఉంచిన తెరెజీన్ నిర్బంధ నగరానికి పంపారు. పరిమితమైన సామానులో కూడా బొమ్మలకు పనికివచ్చే వస్తువులు తీసుకెళ్లి, వాడి పారేసిన కార్యాలయ ఫారాల వెనుక పిల్లల చేత బొమ్మలు వేయించి, కాగితాలు చింపి అతికించే పని నేర్పి, లయబద్ధంగా గీతలు గీయించే బౌహౌస్ అభ్యాసాలను ఆమె ఆ ఇరుకు గదుల్లో చేయించారు. 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్‌కు తరలించి చంపారు. వెళ్లేముందు రెండు పెట్టెల్లో దాచిన సుమారు 4,500 బొమ్మలు యుద్ధం ముగిశాక ప్రాగ్‌లోని యూదు సమాజానికి చేరాయి. నేడు అవి అక్కడి యూదు మ్యూజియంలో ఉన్నాయి. వాటిని గీసిన పిల్లల్లో అత్యధికులు బతికి బయటపడలేదు.

ఈ వివాదానికి ఆ పెట్టెలతో ఉన్న సంబంధం భావోద్వేగానికి పరిమితమైనది కాదు. పిల్లలను సంఖ్యలుగా చూసే చోట, ప్రతి పిల్లవాడూ తన బొమ్మ మీద తన పేరు రాయాలని డికర్-బ్రాండైస్ పట్టుబట్టారు. నేటి సంస్థలు ప్రదర్శనలో పెట్టే బొమ్మల మీద పిల్లల పేరు తీసేస్తాయి. గోప్యత కోసం అలా చేయడం సరైనదే. కానీ పేరు తీసేసిన బొమ్మ ఎవరిది అన్న ప్రశ్న అక్కడే మొదలవుతుంది. దాని సంగతి తర్వాత చూద్దాం.

క్రామర్‌కు ఎదురుగా ఉన్న వాదం మార్గరెట్ నామ్‌బర్గ్‌ది. 1914లో వాల్డెన్ పాఠశాలను స్థాపించిన నామ్‌బర్గ్, 1940లలో న్యూయార్క్ రాష్ట్ర మనోవైద్య సంస్థలో పిల్లలతో పనిచేసి, ప్రవర్తన సమస్యలున్న పిల్లల స్వేచ్ఛాచిత్రణపై 1947లో పుస్తకం వెలువరించారు. ఆమె దృష్టిలో బొమ్మ అవచేతన నుంచి వచ్చే ప్రతీకల భాష. దాన్ని గీసినవారితో మాట్లాడి అర్థం రాబట్టడమే చికిత్స. ఆ పనికి మనోవైద్య శిక్షణ తప్పనిసరి అవుతుంది. ఈ రెండు దృక్పథాలకూ చోటు ఉండేలా వృత్తి నిర్వచనాన్ని విశాలం చేయాలని అమెరికన్ ఆర్ట్ థెరపిస్టు ఎలినార్ ఉల్మన్ 1961లో తాను నడిపిన ఆర్ట్ థెరపీ పత్రికలో రాశారు. ఆ తర్వాత సంఘాలు వచ్చాయి: బ్రిటన్‌లో 1964లో, అమెరికాలో 1969లో. బ్రిటన్ 1997లో ఈ వృత్తికి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ తెచ్చింది. నమోదు కానివారు అక్కడ ఆర్ట్ థెరపిస్టు అని చెప్పుకోవడం నేరం. క్రామర్ ఆలోచన వృత్తి లోపల గౌరవం పొందింది కానీ, 1950లో క్రామర్ వచ్చినట్టు స్టూడియో నుంచి నేరుగా పిల్లల వద్దకు వచ్చే చిత్రకారులు వృత్తి వెలుపల మిగిలారు. సాంత్వన కళ పేరుతో పుట్టిన స్వచ్ఛంద సంస్థలు చాలావరకు అలా వెలుపల మిగిలినవారు పెట్టుకున్నవే.

చికిత్సకుల అభ్యంతరాల్లో బలమైనవి రెండు. మొదటిది సామగ్రికి సంబంధించినది. 1978లో శాండ్రా కేగిన్, విజా ల్యూసెబ్రింక్ ప్రతిపాదించిన చట్రం ప్రకారం, చేతివేళ్లతో పూసే రంగులు, పలుచని నీటి రంగులు ఉద్వేగాన్ని వదులు చేస్తాయి; పెన్సిల్, గట్టి మట్టి, కత్తిరించి అతికించే కాగితం దాన్ని అదుపులో ఉంచుతాయి. ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లవాడి ముందు మొదటి రోజే తడి రంగుల గిన్నెలు పరిస్తే అతడు ఉక్కిరిబిక్కిరి కావచ్చని తెలియని వాలంటీరు, మంచి మనసుతోనే హాని చేయగలరు. రెండోది, బల్ల దగ్గర పిల్లలు హఠాత్తుగా చెప్పే మాటలు. తనకు జరిగిన అన్యాయం గురించి ఒక బాలిక బొమ్మ వేస్తూ వేస్తూ చెప్పేసినప్పుడు ఏం అడగాలి, ఏం అడగకూడదు, ఎవరికి, ఎంత త్వరగా తెలియజేయాలి అన్నవి అప్పటికప్పుడు ఊహించి చేసే పనులు కావు. ఈ రెంటికీ నిర్వాహకుల వద్ద సరైన జవాబు తరచుగా ఉండదు.

అయితే బొమ్మలకు తప్పుడు అర్థాలు తీస్తారన్న మూడో అభ్యంతరం అంత నిలవదు. నలుపు రంగు వాడితే దుఃఖమని, చేతులు లేని మనిషిని గీస్తే నిస్సహాయత అని చెప్పే వాలంటీర్లు ఉన్న మాట నిజమే. కానీ ఆ అలవాటు వారు కనిపెట్టింది కాదు. మనిషి బొమ్మ గీయించి వ్యక్తిత్వాన్ని అంచనా కట్టే పరీక్షలు 1940ల చివరి నుంచి నిపుణుల చేతుల్లోనే పెరిగాయి. 1967లో లారెన్ చాప్‌మన్, జీన్ చాప్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు మనిషి బొమ్మలకు లక్షణాల జాబితాలను యాదృచ్ఛికంగా జతచేసి కాలేజీ విద్యార్థులకు చూపారు. ఏ సంబంధమూ లేకపోయినా, అనుమానపు మనిషి కళ్లను వింతగా గీస్తాడన్నటువంటి ‘సంబంధాలు’ వారికి కనిపించాయి. అనుభవజ్ఞులైన మనస్తత్వ నిపుణులు తమ వృత్తిలో గమనించామని చెప్పినవి కూడా సరిగ్గా అవే. ఈ పొరపాటు నుంచి పట్టా కాపాడదని, ‘విశ్లేషించం’ అన్న నియమాన్ని నిజంగా పాటిస్తే అదే ఎక్కువ కాపాడుతుందని నిర్వాహకులు అంటే, వారి మాటకు ఆధారం ఉంది.

వారి మాటకు ఆధారం లేనిది మరో చోట. విల్ట్‌విక్‌లో క్రామర్ ఒంటరిగా పనిచేయలేదు. అదే ప్రాంగణంలో మానసిక వైద్యులు, సామాజిక కార్యకర్తలు, రాత్రీ పగలూ పిల్లలతో ఉండే కౌన్సెలర్లు ఉండేవారు. ఒక పిల్లవాడి బొమ్మలో వచ్చిన మార్పును అతడి మిగతా రోజుతో పోల్చి చూసే వీలు ఆమెకు ఉండేది. పైగా అది ఏళ్ల తరబడి సాగిన పని. ఈనాటి సంస్థల్లో చాలా వాటికి ఆ రెండూ లేవు. గ్రాంటు కాలం ముగిస్తే కార్యక్రమం ముగుస్తుంది, వాలంటీర్లు మారిపోతారు, ఇప్పటికే ఎందరో పెద్దలు వదిలి వెళ్లిన పిల్లలను మరొకరు వదిలి వెళతారు. క్రామర్‌కు పట్టా లేదన్న సంగతిని చూపించేవారు, ఆమె వెనుక ఉన్న వ్యవస్థను చూపించరు.

ఇక బొమ్మల సంగతి. చికిత్సా సంప్రదాయంలో బొమ్మ గోప్యమైన రికార్డు. బడి సంప్రదాయంలో అది గోడ మీద పెట్టి గర్వించే వస్తువు. స్వచ్ఛంద సంస్థ ఈ రెంటికీ మధ్య ఉంది, దానికి తోడు దాతలు ఉన్నారు. ఏడాది పనిని చూపమని దాత అడిగినప్పుడు, ఒక పిల్లవాడు ఈ మధ్య రాత్రిళ్లు ఉలిక్కిపడి లేవడం లేదన్న సంగతిని చూపడం కష్టం. పటం కట్టిన బొమ్మను చూపడం సులువు. అలా ప్రదర్శనలు, క్యాలెండర్లు, గ్రీటింగు కార్డులు, నిధుల సేకరణ వేలాలు వచ్చాయి. వాటి ప్రభావం బల్ల దగ్గరే మొదలవుతుంది: ఏ బొమ్మను పెద్దలు మెచ్చుకుంటున్నారో పిల్లలు రెండో వారానికే పసిగడతారు, ఇంద్రధనుస్సులూ ఎగిరే పక్షులూ పెరుగుతాయి. ఇలాంటి మూసబొమ్మలను మనసు తన చుట్టూ కట్టుకునే రక్షణగోడలుగా క్రామర్ లెక్కించారు. సాంత్వనకు ఆనవాళ్లుగా కాదు.

నిర్వాహకులు అనుమతి పత్రాలు ఉన్నాయంటారు. ఆ పత్రం మీద సంతకం సాధారణంగా తల్లిదండ్రులదో, వసతి గృహం అధికారిదో. ఆసుపత్రిలో వైద్యం కోసం ఎదురుచూస్తున్న తల్లి, ఉచితంగా నడిచే కార్యక్రమం వారు చాపిన కాగితాన్ని నిరాకరించే అవకాశం ఎంత? ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికను ఈ వాదనలో అందరూ ఉటంకిస్తారు. కళల్లో పాల్గొనే హక్కు చెప్పే 31వ అధికరణం స్వచ్ఛంద సంస్థల వార్షిక నివేదికల్లో కనిపిస్తుంది. హింసకు గురైన బాలల శారీరక, మానసిక పునరుద్ధరణ గురించిన 39వ అధికరణాన్ని చికిత్సకుల సంఘాలు ముందుకు తెస్తాయి. తనకు సంబంధించిన విషయాల్లో పిల్లల అభిప్రాయం వినాలన్న 12వ అధికరణాన్ని, పిల్లల గోప్యతను కాపాడే 16వ అధికరణాన్ని ఉభయులూ అంతగా పట్టించుకోరు.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా ప్రాంతీయ కార్యాలయం, కళలకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధంపై 3,000కు పైగా అధ్యయనాలను పరిశీలించిన నివేదికను ప్రచురించింది. అప్పటినుంచి నిధుల దరఖాస్తుల్లో అది తరచూ కనిపిస్తోంది. ఆ నివేదిక ఏయే రంగాల్లో ఆధారాలు ఉన్నాయో విస్తృతంగా పటం గీసింది. ఫలానా పద్ధతి ఫలానా పిల్లలకు ఎంత మేలు చేస్తుందో తూచి చెప్పడం దాని ఉద్దేశం కాదు. పైగా అందులో శిక్షితుల చికిత్సా, సామాన్య కళా కార్యక్రమాలూ రెండూ ఉన్నాయి కనుక, దాన్ని చూపి ఏ పక్షమూ రెండో పక్షాన్ని కొట్టిపారేయలేదు.

ఇప్పుడు వినిపిస్తున్న డిమాండ్లలో ఎక్కువ భాగం బల్ల వెనుక కూర్చునేవారి అర్హతల గురించే. అర్హత గల చికిత్సకుడితో నెలనెలా పర్యవేక్షణ సమావేశం, పిల్లలు ఏదైనా బయటపెట్టినప్పుడు పాటించవలసిన రాతపూర్వక విధానం, కార్యక్రమం ముగిసే తేదీని పిల్లలకు మొదటి రోజే చెప్పడం, బొమ్మను ఇంటికి తీసుకెళ్లాలో, దాచాలో, చింపేయాలో పిల్లలకే వదిలేయడం వంటివి కొన్ని సంస్థలు ఎవరూ అడగకుండానే పాటిస్తున్నాయి. వాటిలో మొదటిదానికి డబ్బు కావాలి. రంగులకు, కాగితాలకు, ప్రదర్శన హాలు అద్దెకు డబ్బిచ్చే దాతల ఫారాల్లో చాలావరకు పర్యవేక్షణ అనే పద్దు ఉండదు. దాన్ని పాలనా ఖర్చు కింద చూపితే, పాలనా ఖర్చు ఎక్కువైందని మరుసటి ఏడాది గ్రాంటు తగ్గించే అవకాశం ఉంది.