ఫ్రేము విప్పితేగాని తెలియదు

కిందటి వేసవిలో ఒంగోలు నుంచి నెల్లూరు వచ్చిన మా పిన్ని, పాత సామాన్ల అంగట్లో గాజు ఫ్రేములో బిగించిన ఒక కుట్టుగుడ్డ కొనుక్కుంది. ఇంగ్లీషు అక్షరాలు, ఒక ఇల్లు, రెండు పక్షులు, అడుగున 1832. శాంప్లర్ అంటారు దీన్ని. మన ఆడపిల్లలు మ్యాటీ గుడ్డమీద చిలకల్ని కుట్టినట్టే, ఒకప్పుడు ఇంగ్లండు, అమెరికా పిల్లలు కుట్లూ అక్షరాలూ కలిపి ఇలా నేర్చుకునేవారు. మిషన్ బళ్లతో ఆ అలవాటు మన దేశానికీ వచ్చింది.

"నెల్లూరు మిషన్ బడిలో కుట్టిందంట" అని పిన్ని ఒకటే సంబరం. కానీ అమెరికన్ బాప్టిస్టు మిషన్ నెల్లూరికి వచ్చిందే 1840లో!

"ఫ్రేము విప్పుదాం పిన్నీ."

"పాడవదు కదరా?"

నకిలీ చేసేవాడి శ్రద్ధంతా ముందువైపే. వెలుతురుకు రంగు వెలిసేది కూడా ముందువైపే కాబట్టి, నిజంగా పాతదైతే వెనక ఎరుపు, నీలం ఇంకా నిండుగా ఉండాలి. కొందరు కొత్త గుడ్డను టీ డికాక్షన్‌లో ముంచి ముసలిదాన్ని చేస్తారు. అప్పుడు మడతల లోపలికీ అదే రంగు ఎక్కుతుంది. ఏళ్ల తరబడి వచ్చిన గోధుమరంగు వేరు: వెనక చెక్క తగిలిన చోట ఆమ్లానికి ముదురుగా, మడత లోపల తెల్లగా ఉంటుంది. పిన్ని గుడ్డ అలాగే ఉంది.

నల్లదారం చాలాచోట్ల రాలిపోయింది. ఇదీ మంచి గుర్తే. అన్నభేది, కరక్కాయ లాంటివాటితో వేసిన నలుపులో ఇనుము ఉంటుంది, అది మెల్లగా దారాన్నే తినేస్తుంది.

తర్వాత దొంగనోట్లు పట్టే నీలిలైటు వేశాం. బట్టల సబ్బుపొడిలో కలిపే తెల్లదనపు రసాయనాలు ఆ వెలుతురులో నీలంగా మెరుస్తాయి. అవి వాడుకలోకి వచ్చింది 1940ల నుంచి. అయితే పాతగుడ్డను ఎవరైనా నిన్న ఉతికినా మెరుస్తుంది కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్మలేం. మాది మెరవలేదు.

రంగు తేల్చడం ప్రయోగశాల పని. కృత్రిమ నీలిమందు అమ్మకానికి వచ్చింది 1897లో. అది దొరికితే 1832 అబద్ధమే. ఎరుపుతోనే చిక్కు. యూరప్ మంజిష్ఠ వేరులో అలిజరిన్ అనే ఎర్ర రంగుపదార్థంతోపాటు పుర్పురిన్ అనే మరొకటి కూడా ఉంటుంది, 1860ల చివర్లో తయారైన కృత్రిమ ఎరుపులో పుర్పురిన్ సాధారణంగా ఉండదు. పుర్పురిన్ లేదంటే కృత్రిమమే అనుకోవచ్చు. కానీ ఎర్రరంగు కోసం మనవాళ్లు వాడిన కోస్తా ఇసుకనేలల చిరివేరులోనూ పుర్పురిన్ ఉండదు! మన అద్దకం తెలియనివాడు అసలును నకిలీ అనేయగలడు.

మా గుట్టు మాత్రం భూతద్దంతోనే బయటపడింది. 1832లోని 3కు ఎడమపక్క ఖాళీ సూదిరంధ్రాలు, వాటి మధ్య గుడ్డ కాస్త తెల్లగా. అక్కడి కుట్లు చాలాకాలం వెలుతురును అడ్డుకున్నాయన్నమాట. 1882 అని కుట్టిన దాంట్లో రెండో 8కి ఎడమవైపు కుట్లు ఎవరో విప్పేశారు. ఈ వ్యాపారంలో పూర్తి నకిలీకన్నా ఇలాంటి చిన్న దిద్దుబాటే నాకు ఎక్కువ ప్రమాదంగా కనిపిస్తుంది. మిగతా పరీక్షలన్నీ నెగ్గేస్తుంది మరి.

"అయితే ఆ యాభైఏళ్ల డబ్బు వాపసిస్తాడా?" అంది పిన్ని.

మళ్లీ బిగించేటప్పుడు వెనక చెక్కకు బదులు గాజు వెయ్యమంది. వెలుతురుకు అటూ వెలుస్తుందన్నాను.

"అది ఉండేది గోడవైపేగదరా!"