ఓడలో వైన్ టేస్టింగ్: మా బల్ల దగ్గర వినపడే అపోహలు, అసలు వాస్తవాలు

క్రూయిజ్ ఓడల్లో సోమెలియర్‌గా పనిచేస్తున్నాను. వైన్లు ఎంచడం, నిల్వ చూసుకోవడం, వడ్డించడం, వాటి గురించి నాలుగు మాటలు చెప్పడం నా పని. ఏ రేవులోనూ ఆగకుండా ఓడ నడిచే రోజును సీ డే అంటాం. రకరకాల వైన్లు కొద్దికొద్దిగా రుచి చూపించే టేస్టింగ్‌లు ఎక్కువగా ఆ మధ్యాహ్నాల్లోనే ఉంటాయి. వచ్చినవాళ్లలో కొందరు పరీక్ష హాల్లో కూర్చున్నట్టు బిగుసుకుపోతారు, ఇంకొందరు విందుకు వచ్చినట్టు చకచకా ఖాళీ చేసేస్తారు. ఇద్దరికీ ముందు చెప్పేది ఒకటే: ఇక్కడ పని గొంతుది కాదు, ముక్కుది.

అపోహ: డబ్బు కట్టాం కాబట్టి పోసినదంతా తాగాల్సిందే.

వాస్తవం: లెక్క వేసి చూడండి. ఒక్కో రకం 50 మిల్లీలీటర్లు పోస్తే ఆరు రకాలకు 300 మిల్లీలీటర్లు. 750 మిల్లీలీటర్ల సీసాలో ఐదింట రెండు వంతులు. గంటలో అంతా మింగేసి లేచేసరికి కాళ్ల కింద నేల కూడా కదులుతూ ఉంటుంది. అందుకే బల్ల మీద ఉమ్మడానికి ఒక పాత్ర పెడతాం. వృత్తిలో ఉన్నవాళ్లెవరూ దానికి సిగ్గుపడరు. పోటీల్లో తీర్పు చెప్పేవాళ్లు రోజుకు పదుల కొద్దీ వైన్లు చూసి కూడా నిలబడగలిగేది ఉమ్మేస్తారు కాబట్టే. అలా చేసినా కొద్దో గొప్పో ఆల్కహాల్ ఒంట్లోకి చేరుతుందని గుర్తుంచుకోండి. ఉమ్మడం నామోషీ అనిపిస్తే మిగిలింది ఆ పాత్రలోనే ఒంపేయొచ్చు. ఒకాయన మొహమాటపడి, ఎవరూ చూడకుండా పక్కనున్న పూలకుండీలో ఒంపేశారు. అది ప్లాస్టిక్ మొక్క. కిందున్న తివాచీకి ఆ మరక ఇప్పటికీ ఉంది.

అపోహ: విమానంలో లాగే ఓడలో కూడా రుచి సరిగ్గా తెలియదు.

వాస్తవం: విమానం లోపలి గాలి పీడనం సుమారు 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తున్న కొండ మీద ఉన్నట్టుంటుంది. గాలి కూడా బాగా పొడిగా ఉంటుంది. ముక్కు ఎండిపోతే వాసన తగ్గుతుంది, వాసన తగ్గితే రుచి చప్పబడుతుంది. ఓడ ఉండేది సముద్ర మట్టంలోనే, కాబట్టి ఆ బాధ లేదు.

ఓడలో ముక్కుకు శత్రువులు వేరే ఉన్నాయి. ఒకటి, స్విమ్మింగ్ పూల్ దగ్గర్నుంచి నేరుగా వచ్చేవాళ్ల ఒంటి మీది సన్‌స్క్రీన్. ఒక్కరు పూసుకుంటే చాలు, బల్లంతా కొబ్బరి వాసనే. రెండోది అసలైనది, సముద్రపు వికారానికి వేసుకునే మందులు. డైమెన్‌హైడ్రినేట్, మెక్లిజిన్ లాంటి మాత్రలు నిద్రమత్తు తెస్తాయి, వాటికి ఆల్కహాల్ తోడైతే మత్తు ఇంకా పెరుగుతుంది. చెవి వెనక అంటించుకునే స్కోపోలమైన్ పట్టీ నోరు ఎండబెడుతుంది. లాలాజలం లేని నోట్లో వైన్ వగరు మరీ మొరటుగా తగులుతుంది. ఇలాంటి మందు వేసుకున్న రోజు తాగకండి. కావాలంటే వచ్చి కూర్చోండి, వాసన మాత్రం చూడండి.

అపోహ: ఓడ ఊపుకు వైన్ పాడైపోతుంది.

వాస్తవం: ఇందులో సగం నిజం ఉంది. ఏళ్ల తరబడి నిల్వ ఉన్న ఎర్ర వైన్లలో అడుగున మడ్డి చేరుతుంది. కుదుపుకు అది పైకి లేచి రుచిని గరుకు చేస్తుంది. అలాంటి సీసాను ముందే నిలబెట్టి మడ్డి దిగనిచ్చి, నిదానంగా వేరే పాత్రలోకి వంచుతాం. టేస్టింగ్‌లో పోసేవి చాలామటుకు లేత వైన్లు, వాటికి ఊపుతో పెద్ద పేచీ లేదు. వైన్‌కు ఊపు కన్నా వేడి ఎక్కువ చేటు.

అయితే వేడి, సముద్రం రెండూ కలిసి తయారుచేసిన వైన్ కూడా ఒకటుంది. పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవి నుంచి పీపాల్లో బయల్దేరిన వైన్ ఉష్ణమండలం దాటి తిరిగొస్తే, చెడకపోగా ఇంకా బాగుండేది. అలా వెళ్లొచ్చిన దాన్ని 'విన్యో ద రోదా' అనేవాళ్లు. ఇప్పుడు ఓడ ఎక్కించే పని లేదు. ఒక పద్ధతిలో 45 నుంచి 50 డిగ్రీల సెల్సియస్ వేడిలో కనీసం మూడు నెలలు ఉంచుతారు. మేలు రకాలనైతే అటకల మీది పీపాల్లో ఏళ్ల తరబడి వదిలేస్తారు. ఒకసారి కాగిపోయిన వైన్ కాబట్టి, సీసా మూత తీశాక కూడా వారాల తరబడి నిలుస్తుంది.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన కథ బాల్టిక్ సముద్రానిది. 2010లో ఫిన్లాండ్‌కు చెందిన ఓలాండ్ దీవుల దగ్గర సుమారు 50 మీటర్ల లోతులో మునిగిపోయిన ఓడలో 168 షాంపేన్ సీసాలు దొరికాయి. చల్లని చీకట్లో, కదలిక లేకుండా దాదాపు 170 ఏళ్లు ఉన్నాయి. పరీక్షిస్తే లీటరుకు సుమారు 150 గ్రాముల చక్కెర తేలింది. ఇవాళ బ్రూట్ అని, అంటే తీపి బాగా తక్కువని, రాసున్న షాంపేన్‌లో 12 గ్రాములకు మించకూడదు. 'పాతకాలపు రుచే వేరు' అనేవాళ్లకు ఈ లెక్క చెబుతుంటాను, అప్పటివాళ్లు తాగింది పానకమే.

అపోహ: నాకు చెర్రీ, పొగాకు, తోలు వాసనలేవీ తెలియడం లేదు, అంటే నాకు నాలుక లేదు.

వాస్తవం: వాసన దాదాపు అందరికీ తెలుస్తుంది, పేరు తట్టదంతే. పేరు తట్టడం జ్ఞాపకశక్తికి, అలవాటుకు సంబంధించిన సంగతి. ఆ మాటకొస్తే మనకు ఒక పట్టు ముందే ఉంది. ఎర్ర వైన్‌లో ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి చేరే టానిన్ల వల్ల చిగుళ్లు బిగుసుకుపోవడాన్ని ఎలా చెప్పాలో తెలియక చాలామంది తడుముకుంటారు. తెలుగులో 'వగరు' అంటే పని అయిపోయింది. పచ్చి కాయ కొరికినవాళ్లెవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

పండితులూ పొరబడతారు. ఫ్రాన్స్‌లోని బోర్డోలో 54 మంది వైన్ శాస్త్ర విద్యార్థులకు తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. ఆ పరిశోధన 2001లో అచ్చయింది. కంటికి కనపడిందే ముక్కు ఒప్పుకుంది. ఇక నాలుక కొసన తీపి, వెనక చేదు అని చూపించే బొమ్మ ఉంది చూశారా, అది 1901 నాటి ఒక జర్మన్ పరిశోధనను తర్వాత తప్పుగా అర్థం చేసుకోవడం వల్ల పుట్టింది. అన్ని రుచులూ నాలుకంతటా తెలుస్తాయి.

గబగబా ఇంకో మూడు. గ్లాసు గోడల మీద ధారలు కారితే గొప్ప వైన్ అంటారు. ఆల్కహాల్ ఆవిరైనప్పుడు తలతన్యతలో వచ్చే తేడా వల్ల అవి ఏర్పడతాయి. ఆల్కహాల్ ఎంతో కొంత సూచిస్తాయి తప్ప నాణ్యతను కాదు. ఎర్ర వైన్ గది వేడిలోనే ఇవ్వాలంటారు. ఇక్కడ గది అంటే 15 నుంచి 18 డిగ్రీలని అర్థం, ఎండ కాచే డెక్ కాదు. ఐస్ బకెట్‌లో పది నిమిషాలు పెట్టమని మొహమాటం లేకుండా అడగండి. వైన్ పాడవకుండా కలిపే సల్ఫైట్ల వల్లే ఎర్ర వైన్‌తో తలనొప్పి అంటారు. ఐరోపా నిబంధనల్లో తీపి లేని ఎర్ర వైన్‌కు పరిమితి లీటరుకు 150 మిల్లీగ్రాములు, తెల్లదానికి 200. సల్ఫైట్లే కారణమైతే తల ముందు తెల్లదానితో పగలాలి. ఆస్తమా ఉన్న కొందరికి మాత్రం సల్ఫైట్లు నిజంగానే పడవు.

అపోహ: పానీయాలకు ముందే కట్టిన డ్రింక్ ప్యాకేజీ ఉంది కాబట్టి టేస్టింగ్ ఉచితమే.

వాస్తవం: చాలా ఓడల్లో టేస్టింగ్‌కు విడిగా కట్టాలి, పైన సర్వీస్ చార్జీ పడుతుంది. బుక్ చేసే ముందే అడగండి. ఇంకో ఇంటి గుట్టు చెబుతాను. తేలికవి ముందు, చిక్కనివి తర్వాత పోయడం రుచి కోసమే, కానీ ఖరీదైనది చివర్లో రావడం ఒక్కోసారి అమ్మకం కోసం కూడా. అప్పటికి మీరు కాస్త ఉదారంగా ఉంటారు. సీసా కొనాలనిపిస్తే పేరు రాసుకోండి, మర్నాడు పొద్దున నిర్ణయించుకోండి. ధర చూసి తడబడక్కర్లేదు. 1976లో పారిస్‌లో పేర్లు దాచి పెట్టిన పోటీలో ఫ్రెంచ్ న్యాయనిర్ణేతలే తమ పేరున్న వైన్లను కాదని కాలిఫోర్నియా వాటికి మొదటి స్థానాలు ఇచ్చారు.

అపోహ: రోజూ ఓ గ్లాసు ఎర్ర వైన్ గుండెకు మంచిది.

వాస్తవం: అమ్మేవాణ్ని నేనే, అయినా చెబుతాను. ఆరోగ్యానికి హాని లేని ఆల్కహాల్ మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టం చేసింది. మందు అనుకుని మొదలుపెట్టకండి.

అపోహ: తాగనివాళ్లకు ఇక్కడ పనేముంది?

వాస్తవం: ఒక టేస్టింగ్‌కు ఒకావిడ భర్తతో కలిసి వచ్చారు. తాను తాగనని, వాసన మాత్రం చూస్తానని ముందే చెప్పారు. మూడో వైన్ దగ్గర గ్లాసు పక్కన పెట్టి, "ఇది తడిసిన అట్టపెట్టె వాసన వస్తోందండీ" అన్నారు. కార్కులో పుట్టే టీసీఏ అనే పదార్థం వైన్‌కు పట్టిస్తే సరిగ్గా అదే వాసన. మరమూత సీసాలను చవకవని తీసిపారేసేవాళ్లకు ఈ సంగతి తెలియదు. ఆస్ట్రేలియాలో క్లేర్ లోయ ఉత్పత్తిదారులు 2000లో రీస్లింగ్ అనే తెల్ల వైన్‌కు కార్కు వదిలి మరమూతకు మారింది ఈ బాధ పడలేకే. ఆ రోజు నేను మొదటి సీసా వాసన చూసి, రెండోదాన్ని చూడకుండానే పోసేశాను. ఆ సీసా అందిన బల్లల మీద అప్పటికి ఆరేడుగురు తాగేసి, బాగుందని తలూపారు కూడా. గ్లాసులన్నీ వెనక్కి తీసుకుని కొత్త సీసా తెరిచాను. దాని కార్కు ముందు ఆవిడ చేతికే ఇచ్చాను.