సముద్రపు నాచు: థైరాయిడ్‌కు మందు కాదు, వంటకు రుచి

ఈమధ్య ఓపీకి వచ్చే థైరాయిడ్ పేషెంట్లు మందుల చీటీతో పాటు ఫోన్‌లో ఒక బొమ్మ కూడా చూపిస్తున్నారు. ఆకుపచ్చ పొడి డబ్బానో, కొరియన్ సీరియళ్లలో గింబాప్ అనే అన్నం చుట్టకు చుట్టే నల్లటి షీటో. "మేడమ్, ఇది తింటే మాత్ర మానేయొచ్చటగా?" పోషకాహార నిపుణురాలిగా నాకు సముద్రపు నాచు అంటే ఇష్టమే, ఇంట్లో వండుతాను కూడా. దాని పేరుతో తిరిగే మాటలు మాత్రం ఒక్కొక్కటిగా చూడాల్సిందే.

అపోహ: నాచులో అయోడిన్ ఉంది కాబట్టి థైరాయిడ్ తగ్గిపోతుంది.

అన్నిట్లోకీ ప్రమాదకరమైనది ఇదే. పెద్దవాళ్లకు రోజుకు కావాల్సిన అయోడిన్ దాదాపు 150 మైక్రోగ్రాములు. అయోడిన్ ఉప్పు వంటింటికి చేరేసరికి గ్రాముకు కనీసం 15 మైక్రోగ్రాములు ఉండాలని మన దేశంలో నిబంధన. ఆ ఉప్పు వాడే ఇంట్లో సాధారణంగా లోటు రాదు. మన దగ్గర పెద్దవాళ్లలో కనిపించే హైపోథైరాయిడ్‌కు, అంటే గ్రంథి మందగించడానికి, ముఖ్య కారణం హషిమోటో అనే జబ్బు: ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే థైరాయిడ్ గ్రంథి మీద దాడి చేస్తుంది. అలాంటి గ్రంథికి అయోడిన్ మరింత పోస్తే కోలుకోకపోగా ఇంకా మందగించవచ్చు. గ్రంథిలో గడ్డలున్న వాళ్లలో కొందరికి దీనికి ఎదురు జరుగుతుంది, హార్మోన్ ఒక్కసారిగా పెరిగి గుండె దడ మొదలవుతుంది.

అసలు నాచు అంటే ఒకటే రకం కాదు. జపాన్‌లో చారు కాచడానికి వాడే కొంబు ఎండుది ఒక్క గ్రాములో 2,000 మైక్రోగ్రాముల అయోడిన్ ఉండొచ్చు, కొన్నిసార్లు అంతకు మించి కూడా. అంటే రెండు వారాలకు సరిపడేది ఒక చిన్న ముక్కలో! గింబాప్, సుషీ చుట్టే నోరిలో గ్రాముకు కొన్ని పదుల మైక్రోగ్రాములే. సూపుల్లో వేసే వకామే ఈ రెండిటికీ మధ్యన. డబ్బా మీద 'కెల్ప్' అని ఉంటే అది సాధారణంగా కొంబు లాంటి నాచే. 'సీవీడ్ పొడి' అని మాత్రమే రాసి, ఏ నాచో, ఎంత అయోడినో చెప్పని డబ్బాను నేనైతే కొనను. గర్భిణులు, బాలింతలు, థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు ఆ పొడుల జోలికి పోవద్దు. మాత్ర మానడం అన్న మాటే వద్దు.

అపోహ: జపాన్ వాళ్లు రోజూ తింటారు, వాళ్లకేమైంది?

అయింది. హొక్కైడో తీరంలో కొంబు విపరీతంగా తినే ఊళ్లలో గొంతు వాపు, అంటే గాయిటర్ కనిపించిందని 1960ల్లోనే అక్కడి వైద్యులు రాశారు. అయోడిన్ తక్కువైనా గాయిటరే, మరీ ఎక్కువైనా గాయిటరే.

అపోహ: రక్తహీనతకు హిజికి నాచు దివ్యౌషధం.

ఇది నాకు చాలా ఇష్టమైన కథ. నల్లటి పుల్లల్లా ఉండే ఈ నాచులో 100 గ్రాములకు 55 మిల్లీగ్రాముల ఐరన్ ఉందని జపాన్ ఆహార పట్టికల్లో ఏళ్ల తరబడి ఉండేది. 2015లో పట్టిక సవరించినప్పుడు రెండు అంకెలు వేశారు: ఇనప పాత్రలో ఉడికించిన హిజికికి 58, స్టెయిన్‌లెస్ స్టీల్ పాత్రలో ఉడికించినదానికి 6. ఐరన్‌లో అధిక భాగం నాచుది కాదు, పాత్రది! ఆ మాత్రం ఇనప మూకుడు మన అటక మీదే ఉంది, దించి తోటకూర వేపుకుంటే సరి. పైగా హిజికిలో హానికరమైన రూపంలో ఆర్సెనిక్ ఎక్కువగా ఉంటుందని, తినవద్దని బ్రిటన్ ఆహార భద్రతా సంస్థ 2004లో హెచ్చరించింది. నా సలహా కూడా అదే.

అపోహ: శాకాహారులకు బి12 కోసం స్పిరులినా చాలు.

స్పిరులినా సముద్రపు నాచే కాదు, కంటికి కనిపించనంత చిన్న నీలి ఆకుపచ్చ బాక్టీరియా. అందులో ఉండేది ఎక్కువగా బి12ను పోలిన పదార్థం, ఒంటికి పనికిరాదు. నోరిలో అసలైన బి12 కొంత ఉన్నా ప్యాకెట్ ప్యాకెట్‌కూ మారుతుంది. డాక్టరు రాసిన బి12 మాత్ర ఆపకండి.

ప్రోటీన్ సంగతీ అంతే. ఎండు నోరిలో మూడోవంతు ప్రోటీనే, నిజమే. కానీ ఒక షీటు బరువు 3 గ్రాములు. అందులో వచ్చేది ఒక గ్రాము ప్రోటీన్. ఒక్క పెసరట్టు దాన్ని సులువుగా దాటేస్తుంది.

అపోహ: నీచు వాసన వస్తుంది కాబట్టి అది మాంసాహారం.

నాచు శాకాహారమే. చూడాల్సింది దానితో కలిపినవి: జపాన్ చారు దాషిలో తరచుగా ఎండు చేప ఉంటుంది, మసాలా పట్టించిన నోరి చిప్స్‌లో రొయ్య పొడి ఉండొచ్చు. ఆకుపచ్చ చుక్క ఉందో లేదో చూసి కొనండి.

రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ లాంటి మాత్రలు వాడేవాళ్లు ఒక్క మాట: నోరి, వకామేల్లో విటమిన్ కె బాగా ఉంటుంది. ఒక వారం బోలెడు తిని మరో వారం మానేస్తే మందు మోతాదు తారుమారవుతుంది.

అపోహ: కొంబు సహజం, అజినమోటో విషం.

1908లో కికునే ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త అజినమోటోకు రుచినిచ్చే గ్లుటమేట్‌ను వేరు చేసింది కొంబు చారు నుంచే. అజినమోటో పుట్టింది అక్కడే. ఒకదానికి భయపడి రెండోదాన్ని ఖరీదు పెట్టి కొనేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది.

అపోహ: నాచు మన వంటకు కొత్త.

రంజాన్ నెలలో హైదరాబాద్‌లో చైనాగ్రాస్ తిననివాళ్లు తక్కువ. అది ఎర్ర నాచు నుంచి తీసిన, జెల్లీలా గట్టిపడే అగర్. మన దేశంలో ఆ నాచుకు పేరుపడ్డది తమిళనాడులోని రామనాథపురం తీరం, అక్కడ ఆడవాళ్లు నీళ్లలో మునిగి రాళ్ల మీంచి దాన్ని ఏరుకొస్తారు. జెల్లీలకు వాడే జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి వస్తుంది కాబట్టి శాకాహారులకు అగరే దారి. లీటరు పాలకు 10 గ్రాముల పోగులు అరగంట నానబెట్టి, విడిగా నీళ్లలో పూర్తిగా కరిగేదాకా మరిగించి, వేడి పాలలోనే కలపాలి. చల్లటి పాలలో పోస్తే ఉండలు కడుతుంది. ఫ్రిజ్ అక్కర్లేదు, గది వేడికే గట్టిపడుతుంది, మళ్లీ కరగాలంటే 85 డిగ్రీలు దాటాలి. పచ్చి అనాస ముక్కలు వేస్తే జెలటిన్ నీరుగారిపోతుంది, చైనాగ్రాస్‌కు ఆ బాధ లేదు.

నోరి షీట్లు మిగిలితే సన్న సెగ మీద పెనం మీద క్షణకాలం వేడిచేసి, వేయించిన నువ్వులు, ఎండుమిర్చి, వెల్లుల్లితో పొడి కొట్టండి. నోరికి తనదైన ఉప్పదనం ఉంది కాబట్టి ఉప్పు సగమే వేయండి. వేడన్నంలో నెయ్యితో బాగుంటుంది. వానాకాలంలో డబ్బా మూత బిగించకపోతే రెండు రోజుల్లో మెత్తబడుతుంది, కొంచెం కొంచెంగా చేసుకోండి.