స్నైపర్‌కు తుపాకీ ఇచ్చే ఆధిక్యం 16 మీటర్లే

నకిలీ తుపాకులతో ప్లాస్టిక్ పూసలు కాల్చుకునే ఎయిర్‌సాఫ్ట్ ఆటలో 50 మీటర్ల దూరాన ఉన్న ప్రత్యర్థికి గురిపెట్టి స్నైపర్, అంటే దాక్కుని దూరం నుంచి కాల్చే ఆటగాడు, ట్రిగ్గర్ నొక్కితే, తుపాకీ లోపల పిస్టన్ కొట్టుకున్న చప్పుడు 0.15 సెకన్లలో ఆ ప్రత్యర్థి చెవిన పడుతుంది. తుపాకీ విసిరిన 0.43 గ్రాముల ప్లాస్టిక్ పూస మాత్రం 0.78 సెకన్లకు గానీ అక్కడికి చేరదు. నిజమైన రైఫిల్ తూటా ధ్వని కంటే వేగంగా దూసుకుపోతుంది కనుక అది తగిలిన తర్వాతే శబ్దం వినబడుతుంది. ఈ ఆటలో ఆ వరుస తలకిందులవుతుంది. చప్పుడు విన్న మనిషి స్పందించడానికి పావు సెకను పట్టినా, ఇంకా మూడో వంతు సెకనుకు పైగానే మిగులుతుంది, ఆ వ్యవధిలో అతడు చెట్టు చాటుకు ఒక అడుగు వేయగలడు. స్నైపర్ పాత్రను బాగా పోషించాలనుకునేవారు ముందుగా అర్థం చేసుకోవలసిన లెక్క ఇదే.

తుపాకుల చట్టాలు చాలా కఠినంగా ఉన్న జపాన్‌లో 1970, 80 దశకాలలో రూపుదిద్దుకున్న ఈ ఆటను అక్కడివారు సర్వైవల్ గేమ్ అంటారు. హైదరాబాద్ చుట్టుపక్కల పెయింట్‌బాల్ ఆడినవారికి ఈ ఆట తీరు కొంత పరిచయమే అయినా, ఇక్కడ రంగు చిందదు, ఒంటిమీద గుర్తు పడదు. బీబీ అని పిలిచే 6 మిల్లీమీటర్ల పూస తగిలినవాడు తానే చెయ్యెత్తి "హిట్" అని ఒప్పుకుని బయటికి నడవాలి.

స్నైపర్ తుపాకీ అనగానే మిగతావాటికంటే రెండు మూడింతలు దూరం కొడుతుందని కొత్తవారు ఆశిస్తారు. ఆ ఆశకు చట్టమే మొదటి హద్దు గీస్తుంది. జపాన్‌లో 2006లో సవరించిన చట్టం ప్రకారం 6 మిల్లీమీటర్ల పూసకు తుపాకీ ఇవ్వగల శక్తి 0.98 జౌళ్లకు మించకూడదు. ఆ నియమం స్నైపర్‌కూ, ఆపకుండా కాల్చే తుపాకీ పట్టినవారికీ ఒకటే. బ్రిటన్‌లో 2017 నాటి చట్టం వరుసగా కాల్చే తుపాకులకు 1.3 జౌళ్లు, ఒక్కొక్కటిగా కాల్చేవాటికి 2.5 జౌళ్లు అనుమతించింది. చాలా మైదానాలలో స్నైపర్‌కు అనుమతించే హద్దు 0.2 గ్రాముల పూసతో సెకనుకు 500 అడుగుల వేగం, అంటే సుమారు 2.3 జౌళ్లు.

1.3 నుంచి 2.3కు పెరగడం పెద్ద తేడాగానే కనిపిస్తుంది. అయితే వేగం శక్తికి వర్గమూలంగా మాత్రమే పెరుగుతుంది కనుక, అదే పూసకు దక్కే అదనపు వేగం మూడో వంతే. ఆ కాస్తనూ గాలి ఎంత త్వరగా మింగేస్తుందో చూడాలి. సెకనుకు 100 మీటర్ల వేగంతో పోతున్న 0.2 గ్రాముల పూసను గాలి వెనక్కి నెట్టే బలం ఆ పూస బరువుకు దాదాపు 40 రెట్లు ఉంటుంది. గోళాకార వస్తువులకు వాడే నిరోధ గుణకాన్ని 0.45గా తీసుకుని లెక్క కడితే, 2.3 జౌళ్లతో బయలుదేరిన 0.43 గ్రాముల పూస సుమారు 16 మీటర్లు ప్రయాణించేసరికి, 1.3 జౌళ్ల పూస బయలుదేరే వేగానికి పడిపోతుంది. స్నైపర్‌కు తుపాకీ సంపాదించి పెట్టే ఆధిక్యం ఆ 16 మీటర్లే, మిగిలినదంతా మనిషి సంపాదించుకోవాలి. జపాన్ మైదానాలలో ఆ 16 మీటర్లు కూడా ఉండవు. అయినా అక్కడ స్నైపర్లు ఉన్నారంటే ఈ పాత్ర బలం తుపాకీ శక్తిలో లేదని స్పష్టమవుతుంది.

పూస బరువు ఎంపికలో ఇంకో విశేషం ఉంది. ఒకే 2.3 జౌళ్లతో వదిలితే 0.2 గ్రాముల పూస సెకనుకు 152 మీటర్ల వేగంతోనూ, 0.43 గ్రాములది 103 మీటర్ల వేగంతోనూ బయలుదేరుతాయి. తేలికపాటిది సులువుగా గెలవాల్సిన పందెమిది. కానీ 30 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి రెండూ ఇంచుమించు సమానంగా ఉంటాయి. 50 మీటర్ల గీతను బరువైన పూస 0.78 సెకన్లలో దాటితే, తేలికైనది దాదాపు ఒక సెకను తీసుకుంటుంది. ఆ గీత దగ్గర బరువైనదాని వేగం సెకనుకు 42 మీటర్లు, తేలికైనదానిది 22. అందుకే అనుభవజ్ఞులైన స్నైపర్లు వేగం కొలిచే క్రోనోగ్రాఫ్‌లో పెద్ద అంకె చూసి మురిసిపోరు.

ఇక పూసను గాలిలో నిలబెట్టే ఏర్పాటు గురించి చెప్పాలి. ఏ ఏర్పాటూ లేకుండా భుజం ఎత్తు నుంచి సమతలంగా కాల్చిన పూస 40 మీటర్లలోపే నేలను తాకుతుంది. దీన్ని మార్చిన చిన్న ఉపాయం పేరు హాప్-అప్. తుపాకీ గొట్టం (బ్యారెల్) మొదట్లో, పైభాగాన, ఒక రబ్బరు బుడిపె లోపలికి కొద్దిగా పొడుచుకు వచ్చి ఉంటుంది. పూస దాని కింది నుంచి దూరేటప్పుడు పైఅంచు క్షణకాలం పట్టుకుని, కిందిభాగం ముందుకు జారి, పూస వెనక్కి తిరుగుతూ బయటికి వస్తుంది. అలా తిరిగే బంతి పైన గాలి వేగంగా, కింద నెమ్మదిగా పారి, బంతిని పైకి ఎత్తుతుంది. 1852లో జర్మన్ శాస్త్రవేత్త హైన్‌రిక్ గుస్తావ్ మాగ్నస్ వివరించిన ఈ ప్రభావమే క్రికెట్‌లో స్పిన్నర్ వేసిన బంతిని పిచ్‌పై పడకముందే గాలిలో పక్కకు జరుపుతుంది. బుడిపె ఒత్తిడి తక్కువైతే పూస ముందే వాలిపోతుంది, ఎక్కువైతే ఆకాశంలోకి లేచిపోతుంది. రబ్బరు చలికి బిగుసుకుంటుంది కనుక ఉదయం కుదిర్చిన అమరిక మధ్యాహ్నానికి మారిపోవచ్చు.

ఇక్కడే చాలామంది గమనించని పొరపాటు ఒకటి దాగి ఉంది. పూసను ఎత్తే బలం ఎప్పుడూ తుపాకీ పైభాగం ఉన్న దిక్కునే పనిచేస్తుంది. పొదలో ఒక పక్కకు ఒరిగి పడుకుని, తుపాకీని పది డిగ్రీలు వంచి పట్టుకుంటే, ఆ బలంలో కొంత భాగం పూసను పక్కకు లాగుతుంది. 50 మీటర్ల దగ్గర ఆ జరుగుడు సుమారు అర మీటరు, అంటే ఒక మనిషి భుజాల వెడల్పు కంటే ఎక్కువ. గురి సరిగ్గా ఉన్నా పూస ఎందుకు తప్పిపోయిందో అర్థం కాక తుపాకీపై గురి చూసే దుర్భిణిని, అంటే స్కోపును, సవరించడం మొదలుపెడితే, ఆ రోజు ఆట పూర్తిగా చెడిపోతుంది.

గాలివాటు కూడా ఇలాంటిదే. ఆకులు గలగలమనే పాటి గాలి, అంటే సెకనుకు 2 మీటర్లది, అడ్డంగా వీస్తుంటే 50 మీటర్లలో బరువైన పూస సుమారు 60 సెంటీమీటర్లు, తేలికైనది 130 సెంటీమీటర్లు పక్కకు పోతాయి. లక్ష్యం దగ్గర గడ్డి ఎటు వంగుతోందో, మధ్యలోని కొమ్మలు ఎలా ఊగుతున్నాయో చూసి గురిని జరపాలి. పరుగెత్తే మనిషైతే, సెకనుకు 5 మీటర్ల వేగంతో పోతున్నా, పూస చేరేలోపు దాదాపు 4 మీటర్లు దాటిపోతాడు. అలాంటి అవకాశాన్ని వదులుకుని, అతడు ఆగి చాటు నుంచి తొంగిచూసే క్షణం కోసం వేచి ఉండడమే మేలని నా అభిప్రాయం.

వేచి ఉండాలంటే కనబడకుండా ఉండాలి. తొలిసారిగా గిల్లీ సూట్ వాడిన సైనిక దళంగా పేరున్న లోవట్ స్కౌట్స్‌ను దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధం కోసం 1900లో స్కాట్లండ్‌లో ఏర్పాటు చేశారు; వేటగాళ్లకు తోడుగా కొండల్లో జింకల జాడలు తీసే పనివారు అందులో చేరారు. నారపోగులు, ఆకులు వేలాడే ఆ దుస్తుల ఉద్దేశం రంగు కలపడం ఒక్కటే కాదు, తల, భుజాలు కలిసి గీసే గీతను చెరిపివేయడం. మనిషి కన్ను ఆ ఆకారాన్ని ఎంత చిందరవందరలోనైనా పట్టేస్తుంది. కంటి అంచులకు రంగులు సరిగా తెలియకపోయినా కదలిక మాత్రం వెంటనే తెలుస్తుంది. కాబట్టి ఎంత మంచి గిల్లీ సూట్ వేసుకున్నా, చటుక్కున తల తిప్పితే దొరికిపోతారు. గాలికి పొదలు ఊగేటప్పుడు కదలడం, అవి ఆగగానే ఆగడం సాధనతో అబ్బే విద్య.

చోటు ఎంచుకోవడానికి మన ఇళ్లలోని ఒక అనుభవం చాలు. మిట్టమధ్యాహ్నం వాకిట్లో నిలబడి ఇంట్లోకి చూస్తే నడవాలో కూర్చున్నవారు కనిపించరు, లోపలివారికి మాత్రం వాకిట్లోని మనిషి స్పష్టంగా కనిపిస్తాడు. వెలుతురుకు అలవాటుపడిన కన్ను నీడను చదవలేదు. పొద అంచున కాకుండా, దానికి రెండు మూడు అడుగుల వెనుక, నీడలో ఉన్న స్నైపర్‌కు ఇదే రక్షణ. అయితే తుపాకీ మూతి ముందు ఒక్క గడ్డిపోచ అడ్డున్నా తేలికపాటి పూస దారి తప్పుతుంది. స్కోపులో దారి ఖాళీగా కనబడినా, దానికి కొన్ని సెంటీమీటర్ల కింద ఉన్న బ్యారెల్‌కు ఎదురుగా ఆకు ఉండవచ్చు. కాల్చే ముందు స్కోపు నుంచి కన్ను తీసి ఒకసారి చూసుకోవాలి.

అదనపు శక్తికి అదనపు బాధ్యత కూడా ఉంది. చాలా మైదానాలలో స్నైపర్ దాదాపు 30 మీటర్లలోపు ఉన్నవారిపై ఆ తుపాకీతో కాల్చకూడదు. ఆ దూరానికి 2.3 జౌళ్లు సుమారు 0.8కు తగ్గుతాయి. ఐరోపా ప్రమాణం ఈఎన్ 166లో ఎఫ్ గుర్తున్న కళ్ళద్దాలను 6 మిల్లీమీటర్ల ఉక్కు గుండును సెకనుకు 45 మీటర్ల వేగంతో వదిలి పరీక్షిస్తారు. ఆ దెబ్బ శక్తి 0.87 జౌళ్లే. బి గుర్తుకు ఆ వేగం 120 మీటర్లు. మైదానంలో అందరూ బి గుర్తున్న గాగుల్సే పెట్టుకోవాలని నేను గట్టిగా కోరుకుంటాను. దగ్గరికి వచ్చేసినవారి కోసం స్నైపర్ నడుముకు తక్కువ శక్తి గల పిస్టల్ ఉంచుకుంటాడు.

తొలి పూస తప్పితే, మళ్లీ కాల్చడానికి తుపాకీ పక్కనున్న బోల్టు పిడిని వెనక్కి లాగాలి, ఆ చెయ్యి కదలికా, లోహపు చప్పుడూ రెండూ చోటును పట్టిస్తాయి. 55 మీటర్ల దూరంలో ఎదుటి జట్టువాడు ఒకడు సగం కనిపిస్తూ నడుస్తున్నాడనుకుందాం. ఒళ్ళు కదిలించకుండా అతన్ని అలాగే పోనిచ్చి, వెనకాల వచ్చే ఇద్దరు ముగ్గురు ఏ దారి పట్టారో చెవిలోని రేడియోలో తన జట్టుకు గుసగుసగా చెప్పి, చివరివాడు 45 మీటర్ల దగ్గర ఆగి నీళ్ల సీసా మూత తిప్పేటప్పుడు స్నైపర్ ట్రిగ్గర్ నొక్కుతాడు.