సెంటరింగ్ లేకుండా లేచిన గుమ్మటం

ఇటలీలోని ఫ్లోరెన్స్ ప్రధాన చర్చికి 1296లో పునాది పడింది. 1418 నాటికి గోడలు లేచాయి గానీ, నడిమధ్యన గుమ్మటం రావలసిన ఎనిమిది పలకల ఖాళీ అలాగే ఉంది. నేలకు 50 మీటర్ల పైన, మూల నుంచి మూలకు దాదాపు 45 మీటర్లు. అంత వెడల్పుకు కర్రలతో సెంటరింగ్ కడితే తన బరువుకే కుంగుతుంది. బయట ఆనుడు గోడలు కడదామంటే, వద్దని ఊరు ఎప్పుడో తీర్మానించుకుంది. గుమ్మటం ఎలా కట్టాలో చెప్పమని పోటీ పెడితే, స్వర్ణకారుడిగా పని నేర్చిన బ్రూనెల్లెస్కి అసలు సెంటరింగే అక్కర్లేదన్నాడు. పని 1420లో మొదలైంది.

కింది వరసలతో పేచీ లేదు. గోడ ఇంచుమించు నిటారుగా ఉంటుంది కాబట్టి సున్నం పట్టే చాలు. పైకి పోయేకొద్దీ వరస లోపలికి వాలి, పచ్చి సున్నం మీద ఇటుక జారిపోతుంది. వరస చుట్టూ తిరిగి కలిస్తే ఇటుకలు ఒకదాన్నొకటి నొక్కుకుని నిలుస్తాయి. ప్రమాదమంతా కలిసేలోపే. అందుకే పడుకోబెట్టిన కొన్ని ఇటుకలకొకటి చొప్పున నిలువు ఇటుక దించారు. దాని అడుగు ఆరిన వరసల్లో ఇరుక్కుని ఉంటుంది, తల పైవరసలోకి పొడుచుకొస్తుంది. రెండు నిలువు ఇటుకల మధ్య బిగిసిన నాలుగైదు ఇటుకలు ఇక ఎక్కడికి జారతాయి? నిలువు ఇటుకను వరసవరసకూ ఒకింత పక్కకు జరపడం వల్ల చేపముల్లు లాంటి అల్లిక గుమ్మటాన్ని చుట్టుకుంటూ పైకి పాకింది.

పలకలు తిరిగే మూలల దగ్గర వరస విరగకూడదు కదా! అందుకని ప్రతి పలకలోనూ వరసను వదులుగా కట్టిన తాడులా నడుమ కాస్త కిందికి వంచారు. ఈ ఉపాయానికి రావలసినంత పేరు రాలేదు.

నిజానికి గుమ్మటాలు రెండు, ఒకదానిలో ఒకటి. లోపలిది అడుగున 2 మీటర్లకు పైగా మందం, బయటిది పలచన. ఇప్పుడు జనం ఎక్కే 463 మెట్లలో పైభాగం ఆ సందులోదే. అడుగు భాగం బయటికి విచ్చుకోకుండా ఇనుప కొక్కేలతో బిగించిన రాతి పట్టీలు, ఒక చెస్ట్‌నట్ కర్ర పట్టీ గోడలోపలే చుట్టారు.

1436లో గుమ్మటం మూసుకుంది. అయినా పట్టీలు పూర్తిగా ఆపలేకపోయాయి. కింద బలమైన స్తంభాలున్న నాలుగు పలకల్లో నిలువునా బీటలు వచ్చాయి. ఎండకూ చలికీ అవి మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంటాయి. గోడలోని పరికరాలు ఆ కదలికను ఇప్పటికీ కొలుస్తూనే ఉన్నాయి.