మలంలో ఈ.కోలై ఉందని భయపడకండి

మహబూబ్‌నగర్‌లో పిల్లల డాక్టర్‌గా పనిచేస్తున్నాను. వానలు మొదలైతే చాలు, పిల్లలకు మోషన్లవుతున్నాయని ల్యాబ్ రిపోర్టు పట్టుకొని వచ్చేవాళ్లు పెరుగుతారు. "సార్, మా బాబు కడుపుల బ్యాక్టీరియా ఉన్నదట, పవర్ ఉన్న యాంటీబయాటిక్ రాయండి" అంటారు. మలం రిపోర్టులో ఈ.కోలై అనే బ్యాక్టీరియా పెరిగిందని ఉంటుంది.

అమ్మా, మలంలో ఈ.కోలై లేకపోతేనే వింత. 1885లో ఎషెరిష్ అనే పిల్లల డాక్టర్ దాన్ని వర్ణించింది కూడా పసిపిల్లల మలంలో చూసే. మన పెద్దపేగులో లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి. మనకు అరగని పీచును అవి తింటాయి, కొంత విటమిన్ కె తయారుచేస్తాయి, జబ్బు తెచ్చేవాటికి చోటు దొరకనివ్వవు. ఈ.కోలైలో చెడ్డ రకాలూ ఉన్నాయి, కానీ మామూలు కల్చర్ (ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) రిపోర్టు ఆ తేడా చెప్పదు. మూత్రంలో పెరిగితే మాత్రం లెక్క వేరు.

"బ్యాక్టీరియాను చంపితే మోషన్లు ఆగుతాయి" అన్న మాటే పిల్లల ప్రాణం మీదికి తెస్తోంది. చిన్నపిల్లల నీళ్ల విరేచనాలు ఎక్కువగా వైరస్‌ల వల్ల వస్తాయి. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయదు. పేగులోని మంచి బ్యాక్టీరియాను చంపుతుంది, దాంతో ఒక్కోసారి మోషన్లు ఇంకా ఎక్కువవుతాయి.

రెండేళ్ల కింద అచ్చంపేట వైపు తండా నుంచి ఒక అవ్వ మోషన్లవుతున్న పది నెలల మనవడిని ఎత్తుకొచ్చింది. మూడు రోజులుగా యాంటీబయాటిక్ సిరప్ టైము తప్పకుండా పట్టింది. నీళ్లు మాత్రం ఆపేసింది, తాగితే ఇంకా పోతాయని ఎవరో చెప్పారట. బిడ్డ కళ్లు లోపలికి పోయాయి, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మడత అట్లనే నిలబడింది. సెలైన్ ఎక్కించి, తర్వాత చెంచాతో ఓఆర్‌ఎస్ పట్టించాం. సాయంత్రం "ఉచ్చ పోసిండు సారూ" అంటూ అవ్వ ఏడ్చేసింది. నీళ్లు ఆపమని ఆమెకు చెప్పినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

ప్రాణం తీసేది ఒంట్లో నీరు పోవడం. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే ఓఆర్‌ఎస్ కలపండి. తియ్యటి జ్యూస్ డబ్బా ఓఆర్‌ఎస్ కాదు. తల్లిపాలు ఆపొద్దు. ఆరు నెలలు దాటిన బిడ్డకు జింక్ రోజుకు 20 మిల్లీగ్రాములు, మోషన్లు ఆగినా 14 రోజులు ఇవ్వాలి.

ఇక పెరుగు మంచిదే, కానీ మందు కాదు. ఆముదంతో పేగులు కడిగితే విషాలేవీ పోవు. ఖరీదైన ప్రోబయాటిక్ పొడుల కన్నా ముందు ఓఆర్‌ఎస్, జింక్ కొనండి.

యాంటీబయాటిక్ అసలే వద్దని కాదు. కలరా, రక్త విరేచనాల్లాంటి వాటికి డాక్టర్ చూసి రాస్తారు. మలంలో రక్తం పడినా, బిడ్డ తాగలేకపోయినా, మత్తుగా పడి ఉన్నా, ఆరు గంటలుగా ఉచ్చ పోయకపోయినా, అర్ధరాత్రయినా సరే తీసుకురండి.