గంట దాటగానే ఆట ఎందుకు ఆగిపోతుంది?

పిల్లలూ,

మీ ప్రశ్న నాకు చాలా నచ్చింది. "సినిమాలు రాత్రంతా చూసినా ఎవరూ ఆపరు. క్లౌడ్‌లో ఫ్రీగా ఆట ఆడుతుంటే మాత్రం గంట కాగానే బయటికి పంపేసి మళ్లీ క్యూలో నిలబడమంటారు, ఎందుకు?" అని అడిగారు. కంపెనీ వాళ్లు పిసినారులని మీలో ఒకరు తేల్చేశారు కూడా. అంత తొందర వద్దు. ఆ క్యూ వెనక పెద్ద లెక్కే ఉంది. క్లౌడ్‌లో ఆట అంటే, ఆట మీ ఫోన్‌లో కాకుండా ఎక్కడో కంపెనీ వాళ్ల కంప్యూటర్ల మీద నడుస్తుంది, బొమ్మ మాత్రం ఇంటర్నెట్ గుండా మీకు వస్తుంది.

సినిమా అంటే ఎప్పుడో తయారైపోయిన ఫైలు. దాన్ని ఒకసారి కుదించి పెట్టుకుంటే పది మంది చూసినా, పది లక్షల మంది చూసినా అదే ఫైలు. పైగా దాని కాపీలు ముందుగానే జనానికి దగ్గర్లో పెట్టేయొచ్చు. నెట్‌ఫ్లిక్స్ 2012 నుంచి ఓపెన్ కనెక్ట్ పేరుతో చేస్తున్నది అదే. సినిమాలు నింపిన సర్వర్లను ఇంటర్నెట్ కంపెనీల దగ్గరే ఉంచుతుంది. చూసేవాళ్లు ఇంకొకరు పెరిగితే అదనంగా అయ్యే ఖర్చు చాలా తక్కువ.

ఆట అలా కుదరదు. మీరు బటన్ నొక్కేదాకా తర్వాతి బొమ్మ ఎలా ఉండాలో ఎవరికీ తెలియదు. కాబట్టి ముందే తయారు చేసి దాచుకోవడానికి ఏమీ లేదు. ఎక్కడో డేటా సెంటర్లో ఒక గ్రాఫిక్స్ చిప్పు, లేదా అందులో ఒక వాటా, మీరు ఆడుతున్నంతసేపూ మీ ఒక్కరి కోసమే పనిచేయాలి. ఆటను పాజ్‌లో పెట్టి మీరు ఫోన్ మాట్లాడుతున్నా అది మీ పేరు మీదే ఉంటుంది, వేరేవాళ్లకు ఇవ్వలేరు. చాలా సర్వీసులు కాసేపు ఏమీ నొక్కకపోతే కనెక్షన్ తెంపేసేది అందుకే.

మీరు 'జంప్' నొక్కినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. ఆ కబురు మీ వైఫై దాటి, కేబుళ్ల గుండా డేటా సెంటర్‌కు చేరాలి. అక్కడ ఆట లెక్క వేసుకోవాలి, చిప్పు బొమ్మ గీయాలి, దాన్ని వీడియోగా కుదించాలి, తిరిగి పంపాలి, మీ ఫోన్ దాన్ని విప్పి చూపించాలి. సెకనుకు 60 బొమ్మల లెక్కన ఒక్కో బొమ్మకు దొరికేది 17 మిల్లీసెకన్ల లోపే. ఫైబర్ కేబుల్లో వెలుతురు మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. అంటే డేటా సెంటర్ 1,000 కిలోమీటర్ల దూరంలో ఉంటే రానూపోనూ ప్రయాణానికే 10 మిల్లీసెకన్లు. కేబుల్ తిన్నగా ఉండదు, దారిలో రూటర్లు ఉంటాయి, కాబట్టి నిజంగా పట్టేది ఇంకా ఎక్కువే. సినిమా అయితే కొన్ని సెకన్ల వీడియో ముందే తెచ్చుకుని ఈ ఆలస్యాన్ని దాచేస్తుంది. ఆటకు ఆ వీలు లేదు.

ఖర్చంతా ఇక్కడే పెరుగుతుంది. మామూలు క్లౌడ్ పనులు చాలావాటిని ప్రపంచంలో ఎక్కడ యంత్రాలు ఖాళీగా ఉంటే అక్కడికి పంపొచ్చు. ఆటను పంపలేం, దూరం పెరిగితే ఆలస్యం పెరుగుతుంది. అందువల్ల ప్రతి ప్రాంతంలోనూ ఆ ప్రాంతపు సాయంత్రానికి సరిపడా యంత్రాలు పెట్టాల్సిందే. స్కూళ్లు, ఆఫీసులు అయ్యాక అందరూ ఒకేసారి వచ్చి పడతారు. తెల్లవారుజామున చాలా యంత్రాలు ఊరికే ఉంటాయి. ఊరికే ఉన్నా వాటి మీద పెట్టిన డబ్బు పెట్టినట్టే, అవి పాతబడటమూ ఆగదు. డబ్బు కట్టినవాళ్లకు సాయంత్రం చోటు ఉండాలంటే ఫ్రీగా వచ్చినవాళ్లను క్యూలో నిలబెట్టక తప్పదు. గ్రాఫిక్స్ చిప్పులు చేసే ఎన్విడియా కంపెనీ తన క్లౌడ్ ఆటల సర్వీసు జీఫోర్స్ నౌ ఫ్రీ ప్లాన్‌లో గంట హద్దు పెట్టింది కూడా అందుకే.

ఇప్పుడు ఆ గంటకు ఖరీదు కడదాం. అమెజాన్ క్లౌడ్‌లో టీ4 అనే గ్రాఫిక్స్ చిప్పు ఉన్న చిన్న యంత్రాన్ని ఎవరైనా అద్దెకు తీసుకోవచ్చు. అమెరికాలో దాని ధర గంటకు సుమారు అర డాలరు. ఇది చూసి పర్వాలేదే అనుకుంటారు. కానీ వీడియోను బయటికి పంపడానికి వేరే చార్జీ ఉంది, మరీ పెద్ద మొత్తంలో పంపనివాళ్లకు జీబీకి 9 సెంట్లు. గూగుల్ వాళ్ల క్లౌడ్ ఆటల సర్వీసు స్టేడియా, ఫుల్ హెచ్‌డీ ఆటకు సెకనుకు 20 మెగాబిట్ల స్పీడ్ ఉండాలని చెప్పేది. ఆ స్పీడ్ మొత్తం వాడితే గంటకు 9 జీబీ, అంటే 81 సెంట్లు. చూశారా, యంత్రం కంటే దారి ఖర్చే ఎక్కువ తేలింది! రెండూ కలిపి గంటకు 1 డాలర్ 30 సెంట్లు దాటింది. నెలకు 10 డాలర్లు కట్టే మనిషి ఎనిమిది గంటలు కూడా ఆడకముందే ఆ డబ్బు ఖర్చయిపోతుంది.

ఇవి చిల్లర ధరలని గుర్తుంచుకోండి. సొంత డేటా సెంటర్లు, సొంత కేబుళ్లు ఉన్నవాళ్లకు ఇందులో కొంతే పడుతుంది. ఈ రంగంలో గూగుల్, మైక్రోసాఫ్ట్, అమెజాన్, ఎన్విడియా, సోనీ లాంటి పెద్ద పేర్లే ఎందుకు వినిపిస్తాయో ఇప్పుడు మీకే తెలిసిపోతుంది. ఆటల రంగంలో అంత అనుభవమున్న సోనీ కూడా 2019 మేలో, తన పోటీదారైన మైక్రోసాఫ్ట్‌తో క్లౌడ్ విషయంలో కలిసి పనిచేయడానికి అవగాహన ఒప్పందం చేసుకుంది.

మొదట దిగినవాళ్లకు ఆ బలం లేదు. 2010లో అమెరికాలో మొదలైన ఆన్‌లైవ్ అనే క్లౌడ్ ఆటల సర్వీసు ఆలోచన గొప్పదే, అప్పటికి అది అద్భుతమనే చెప్పాలి. కానీ సర్వర్ల ఖర్చుకు తగినంత మంది ఆటగాళ్లు రాలేదు. 2012లో కుప్పకూలి చేతులు మారింది. 2015లో పేటెంట్లు సోనీకి అమ్మేసి మూతపడింది.

బలం ఉన్నా లెక్క కుదరాలి. స్టేడియా 2019 నవంబరులో మొదలైంది. తర్వాతి ఏడాది నుంచి అందులో నెల చందా కట్టకుండానే, ఒకసారి ఆట కొనుక్కుని ఆడుకునే వీలు ఇచ్చారు. కొనేవాళ్లకు బాగానే ఉంది. కంపెనీ వైపు నుంచి చూడండి. ఆట అమ్మినప్పుడు వచ్చే వాటా ఒక్కసారే వస్తుంది, ఆ ఆట నడిపే యంత్రం ఖర్చు మాత్రం మీరు ఆడిన ప్రతి గంటకూ అవుతూనే ఉంటుంది. ఇదొక్కటే కారణమని నేను అనను, అనుకున్నంత మంది చేరలేదని గూగులే చెప్పింది. 2023 జనవరి 18న మూసేశారు. తన స్టోర్లో జనం కొన్న ఆటలకు, పరికరాలకు గూగుల్ డబ్బు తిరిగిచ్చింది, అది మెచ్చుకోవాలి. కానీ సేవ్‌ల, అంటే ఆటలో ఎక్కడిదాకా వచ్చారో దాచిన ఫైళ్ల, సంగతి వేరు. కొన్ని ఆటల్లో వాటిని వేరే చోటికి తీసుకెళ్లగలిగారు, కొన్నింటిలో ఆడినదంతా పోయింది. నాకు బాధ కలిగించేది ఇదే. డబ్బు వెనక్కి ఇవ్వొచ్చు, ఒక పిల్లవాడు నెలల తరబడి కట్టుకున్న కోటను ఎవరు తెచ్చిస్తారు? మూసే రోజుకు ఎవరి సేవ్ వాళ్ల చేతికి ఇచ్చి తీరాలని చట్టమే ఉండాలంటాను.

ఆటలు ఎవరివన్న గొడవ కూడా ఉంది. జీఫోర్స్ నౌలో మీరు వేరే చోట కొన్న ఆటనే వాళ్ల యంత్రం మీద ఆడతారు. అయినా 2020లో యాక్టివిజన్ బ్లిజార్డ్ అనే ఆటల కంపెనీ తన ఆటలను అందులోంచి తీయించేసింది. మీరు కొన్న ఆటే, కానీ ఏ యంత్రం మీద ఆడాలో చెప్పే హక్కు వాళ్లదట! ఆ తర్వాత, తయారీదారులు సరేనన్న ఆటలనే ఉంచే పద్ధతికి ఎన్విడియా మారింది.

చివరగా పెద్దవాడు అడిగిన సంగతి: కన్సోల్ (ఇంట్లో టీవీకి తగిలించి ఆడే యంత్రం) కొనాలా, క్లౌడ్ చాలా? నెల చందా వ్యాపారంలో కంపెనీకి లాభం ఎవరి మీద? చందా కట్టి తక్కువ ఆడేవాళ్ల మీద. రోజూ గంటలకొద్దీ ఆడేవాళ్ల మీద నష్టం. అందుకే జీఫోర్స్ నౌ 2025 నుంచి చందాదారులకు కూడా నెలకు 100 గంటల హద్దు తెచ్చింది, అది దాటితే అదనంగా కట్టాలి. కాబట్టి వారానికి రెండు మూడు గంటలు ఆడేవాళ్లు ఆడాలనిపించిన నెలకే చందా కట్టి, మిగతా నెలలు ఆపేస్తే క్లౌడే చవక. ఖరీదైన యంత్రం కొనలేని పిల్లలు కూడా మంచి ఆటలు ఆడగలుగుతున్నారంటే నాకు నిజంగా సంతోషం. నువ్వు మాత్రం రోజూ ఆడతావు, ఒకే ఆటను ఏళ్ల తరబడి వదలవు. నీకు కన్సోలే మేలు, అదీ డిస్కు పెట్టుకునేది చూసి తీసుకో. ఆడటం అయిపోయాక డిస్కు చెల్లికి ఇవ్వొచ్చు. కొనేముందు మీ ఇంట్లో నెట్ స్పీడ్, నెలకు ఎంత డేటా వస్తుందో రాసి పంపు, రెండు లెక్కలూ పక్కపక్కన వేసి చూద్దాం.

మీ
తాతయ్య